ఆదివారం వర్కౌట్

ఇనుప కడ్డీ నేల మీద పడిన చప్పుడుకు జిమ్ములో ఉన్నవాళ్లంతా అద్దాల్లోంచి ఇటు చూశారు. మామూలుగా ఆ అద్దాల్లో ఎవరి ముఖం వాళ్లే చూసుకుంటారు. ఇంకొకరి ముఖం చూశారంటే పెద్ద విశేషం జరిగినట్టే.

"ఓ సారూ! అదేమన్న మిర్చి బస్తానా? గట్ల భుజం మీదికెళ్లి ఇసిరికొట్టినవేంది?"

అరిచింది ఒక అమ్మాయి. జుట్టు గట్టిగా వెనక్కి కట్టుకుంది, మెడలో విజిల్ వేసుకుంది. కళ్లు చూస్తే తప్పు చేసినవాడే కాదు, చేయనివాడు కూడా భయపడతాడు.

కల్యాణ్ కుడి భుజం రుద్దుకుంటూ నిలబడ్డాడు. కడ్డీని రెండు చేతులతో ఛాతీ దాకా ఎత్తాలని గోడ మీద బొమ్మ ఉంది. ఎత్తే వరకు బాగానే ఎత్తాడు. ఆ తర్వాత చేతులు అలవాటు ప్రకారం దాన్ని కుడి భుజం మీదికి తిప్పేశాయి. ఇనుము బస్తా కాదు కదా, భుజానికి అతుక్కోదు. జారింది.

"ఈ ఆడ పోలీసు ఎక్కడ దాపురించిందిరా దేవుడా," అని తమ తండా భాషలో గొణుక్కున్నాడు. మానుకోట నడిబొడ్డున ఉన్న జిమ్ములో ఆ భాష ఎవరికొస్తుందిలే అని ధైర్యం.

"ఆడ పోలీసు కాదు, కోచ్‌ను," అంది ఆమె, అదే భాషలో. తర్వాత తెలుగులోకి వచ్చింది. "మాదీ తండానే. పేరు దీప. ఇంకేమన్న తిట్టేదుంటే గట్టిగ తిట్టు, నేను కూడ నేర్చుకుంట."

కల్యాణ్ చెవులు ఎర్రబడ్డాయి.

"ఏం పని చేస్తవ్?"

"మార్కెట్ యార్డుల హమాలీ."

పక్కనే చేతులు ఉబ్బించి ఫోన్‌లో ఫొటో దిగుతున్న కుర్రాడు పక్కుమన్నాడు. జిమ్ము ఓనరు మహీధర్ కూడా కౌంటర్ దగ్గర్నుంచి నవ్వాడు. "దినమంత బస్తాలు మోస్తవ్, మళ్ల పైసలు కట్టి పొద్దుగాల ఇనుము మోస్తవా? మంచిగున్నవ్ అన్నా!"

జనం ఇంతే. కూర్చుని తినేవాడు ఒళ్లు వంచితే ఆరోగ్యం అంటారు. ఒళ్లు వంచి తినేవాడు అదే పని చేస్తే పిచ్చి అంటారు.

దీప మాత్రం నవ్వలేదు. అతని చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది, సంతలో ఎద్దును చూసినట్టు. "కుడి భుజం కిందికున్నది. ఎడమది మీదికున్నది. ఎవరూ చెప్పలేదా నీకు?"

"టైలర్ చెప్పిండు. అంగీ కొలత తీసుకుంట, అన్నా, నువ్వు వంగినవా, నా టేపు వంగిందా అని అడిగిండు."

ఆమె పెదవుల దాకా నవ్వు వచ్చింది. అక్కడే ఆగింది, ఎందుకంటే అతను ఇంకో మాట కూడా అన్నాడు.

"మా బాపు కూడ హమాలీనే. పోయినేడు సచ్చిపోయిండు. నడుం ఎంత వంగిందంటే, పాడె మీద కూడ సక్కగ పండుకోలే. నలుగురు పట్టుకొని ఒత్తితే కూడ సక్కగ కాలే." కడ్డీ వైపు చూశాడు. "నాకు కండలొద్దు. సక్కగ సావాలె, గంతే."

దీప విజిల్‌ను వేళ్ల మధ్య ఒకసారి తిప్పింది.

"సక్కగ సావుడు తర్వాత చూద్దాం. ముందు సక్కగ నిలబడుడు నేర్చుకో. రేపు లేడీస్ బ్యాచ్ అయిపోంగనే రా. యార్డు గంట కొట్టకముందు ఎంతసేపు దొరికితే అంతసేపు."

*

మర్నాడు అతన్ని ఇనుము ముట్టుకోనివ్వలేదు.

"మోత ఉన్న రోజు ఇనుము ముట్టొద్దు. నీ ఒళ్లు ముందే అరుగుతున్నది. అరిగేది కసరత్తు కాదు."

"మరి జిమ్ముకు ఎందుకు వచ్చినట్టు?"

"ఏలాడు."

పైన ఒక అడ్డకడ్డీ చూపించింది. కల్యాణ్ పట్టుకుని వేలాడాడు. కాళ్లు నేలకు అందలేదు. ఇన్నేళ్లుగా కిందికి నొక్కుకుపోయిన వెన్నుపూసలు ఒక్కొక్కటే విడివిడిగా ఊపిరి పీల్చుకున్నట్టయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. చెమట అనుకునేలా మోచేత్తో తుడుచుకున్నాడు.

"ఎట్లున్నది?"

"గబ్బిలం లెక్క ఉన్నది."

"గబ్బిలం తలకిందులు ఏలాడుతది. నువ్వు ఇంక గంత దూరం రాలే."

అదీ వాళ్ల లెక్క. సోమవారం నుంచి శనివారం దాకా వేలాడడం, సాగడం, నేల మీద వెల్లకిలా పడుకుని మోకాళ్లు ఛాతీకి హత్తుకోవడం. యార్డు మూసి ఉండే ఆదివారం మాత్రం అసలు వర్కౌట్, ఇనుముతో. ఎడమ వైపుకు ఎక్కువ, కుడి వైపుకు తక్కువ. ఇంటికి పోయి ఉడకబెట్టిన శనగలు తినడం, మధ్యాహ్నం పడుకోవడం.

ఇంకో ఆజ్ఞ కూడా వేసింది. బస్తా ఒక పూట కుడి భుజం మీద, ఒక పూట ఎడమ భుజం మీద మోయాలి.

చెప్పడం సులువే. హమాలీ పని ఒంటరి పని కాదు. ఇద్దరు బస్తా లేపి మూడోవాడి భుజం మీద పెడతారు. ఆ ఇద్దరి కాళ్లు, చేతులు, వాళ్లు నిలబడే చోటు, అన్నీ కుడి భుజానికి అలవాటు పడి ఉంటాయి. కల్యాణ్ ఎడమ భుజం వంచేసరికి బస్తా గాలిలో ఆగిపోయింది.

"ఏందిరా గది?" అన్నాడు దేవ్యా. ఆయన కల్యాణ్ తండావాడే. నర్సింహులపేట దగ్గర వాళ్ల ఇళ్లు ఎదురెదురు. తండ్రి పోయాక కల్యాణ్‌కు పెద్ద దిక్కు ఆయనే. "అందరు కుడి భుజంల మోస్తరు. మీ బాపు మోసిండు, నేను మోస్తున్న. ఇయ్యాల నువ్వొచ్చి ఎడమ అంటే బస్తాకు ఎట్ల తెలుస్తది?"

"బస్తాకు తెల్వకున్న మంచిదే కాకా. నీకు తెలిస్తే చాలు."

"ఎవలు చెప్పిన్రు నీకు?"

"కోచ్."

"ఆడామెనా?"

"ఊ."

దేవ్యా తంబాకు పక్క దవడకు తోసి, బస్తాను ఎడమ భుజం మీద పెట్టాడు. "గట్లనా సంగతి. మరి ముందుగాల చెప్పొద్దారా!"

ఆ సాయంత్రానికి యార్డులో కల్యాణ్ పేరు 'ఎడమోడు' అయింది.

*

ఎండలు ముదిరాయి. మిర్చి బస్తాలు తగ్గి వడ్ల బస్తాలు వచ్చాయి. ఒక ఆదివారం దీప అతన్ని గోడ వైపు తిరిగి నిలబడమని, వెనక నుంచి ఫొటో తీసి చూపించింది.

మనిషి తన వీపును తాను చూసుకోడు. దాని మీద ఎవరెవరు ఏమేం పెట్టారో కూడా చూసుకోడు. కల్యాణ్ ఫోన్‌ను దగ్గరగా పెట్టుకుని చూశాడు. రెండు భుజాలు దాదాపు ఒక్క మట్టంలో ఉన్నాయి.

"గిది నాదేనా?"

"కాదు, పక్కింటాయనది."

"ఎంతమంది వీపులు తీసినవ్ గిట్ల?"

"నీ ఒక్కనిదే. గింత వంకర వీపు మళ్ల దొరకది కదా, దాచుకున్న."

"దాచుకున్నవా?"

మాట జారిందని ఆమెకు తెలిసింది. డంబెల్స్ సర్దడం మొదలుపెట్టింది. అవి ముందే సర్ది ఉన్నాయి. మళ్లీ తీసి మళ్లీ సర్దింది.

"దీపా."

"ఏంది?"

"ఆ ఎర్ర డంబెల్ మూడుసార్లు పెట్టినవ్."

"నోరు మూసుకొని ఏలాడుపో."

వేలాడాడు. ఆమె అతని వైపు చూడకుండానే అంది. "మా బాపుతోని మాట్లాడుదామనుకుంటున్న."

"ఏం మాట్లాడుతవ్?"

"వంకర వీపోడు ఒకడున్నడని."

చేతులు జారి కల్యాణ్ కింద పడ్డాడు. లేవకుండా అక్కడే కూర్చున్నాడు. దీప తండ్రి మాన్‌సింగ్ గురించి అతనికి తెలుసు. భూపాలపల్లిలో బొగ్గుబాయిలో చేసి చేసి, ఒంట్లో బాగాలేక పని మానేసిన మనిషి. తల్లి లేదు. దీప కబడ్డీలో జిల్లాకు ఆడుతుండగా మోకాలు పోయి, ఆటలోంచి ఈ జిమ్ములోకి వచ్చింది. అయినా పర్మనెంటు కొలువు చేసినాయన కూతురు. డిగ్రీ చదివిన పిల్ల.

"హమాలీ అని చెప్తవా?"

"చెప్పకుంటే మరి ఏమని చెప్పాలె? కలెక్టర్ అనా?"

"ఒప్పుకుంటడా?"

"అడుగుత కద. అడగకముందే ముఖం గట్ల పెట్టకు. నువ్వు బస్తా మోసేటప్పుడు కూడ గింత బరువు ముఖం పెట్టవ్."

ఆమె నవ్వింది. అతనూ నవ్వాడు. కానీ లోపల ఒక మూల, తనలాంటివాడికి ఇంత మంచి జరగదు అని ఎవరో కూర్చుని చెబుతూనే ఉన్నారు. చిన్నప్పటి నుంచి ఆ మాట ఎవరో ఒకరు చెబుతూనే ఉన్నారు కాబట్టి, ఇప్పుడు చెప్పేవాళ్లు అక్కర్లేదు. మనసు దానంతట అదే చెప్పుకుంటుంది.

*

యార్డులో లారీ ఎక్కేవాళ్లు ఫోన్లు కింద ఉన్నవాడికి ఇచ్చి ఎక్కుతారు. జేబులో ఉంటే బస్తా కింద పడి పగులుతాయి. ఆ శనివారం కల్యాణ్ లారీ పైన బస్తాలు పేరుస్తున్నాడు. కింద దేవ్యా సంచిలో అతని ఫోన్ మోగింది.

"కల్యాణ్ లేడు, బండి మీదున్నడు. నేను దేవ్యాని."

"కాకా, నేను దీపను!" గొంతులో సంతోషం పొంగి పొర్లుతోంది. "జర ఆయనకు చెప్పవా? మా బాపు ఒప్పుకున్నడు. రేపు ఆదివారం పిల్లగాన్ని చూడనీకి వస్తడంట. కల్యాణ్ ఏమంటడో అడుగు. ఫోన్ పెట్టకు, నేను లైన్ల ఉంట."

యార్డులో పొడుగు మాట పైకి చేరదు. ఒక పక్క ఇంజన్లు, ఒక పక్క కాంటాల దగ్గర అరుపులు. హమాలీలు ఏం చెప్పాలన్నా దాని తోకా తలా కోసి మధ్య ముక్కను విసురుతారు. దేవ్యా జీవితమంతా అలాగే మాట్లాడాడు. ఇప్పుడూ అలాగే విసిరాడు.

"కల్యాణా! దీప! ఆదివారం సంగతేందంటున్నది!"

ఆదివారం అంటే వాళ్లకు ఒకటే సంగతి. కానీ ఈ ఆదివారం ఈ లోడుతో పాటు జనగామ పోయి గోదాములో దింపాలని మేస్త్రీ అప్పుడే చెప్పిపోయాడు. కల్యాణ్ పైనుంచి గొంతు చించుకుని అరిచాడు.

"వర్కౌట్ కాదని చెప్పు! జన..."

మిగతా మాట మీద పక్క లారీ హారన్ కూర్చుంది.

దేవ్యా ఫోన్ చెవికి పెట్టుకున్నాడు. "వర్కౌట్ కాదంటున్నడు బిడ్డా."

అవతల చప్పుడు లేదు.

"ఇన్నవా? వర్కౌట్ కాదట."

"ఇన్న కాకా," అంది దీప. "ఆయన నోటితోనే ఇన్న."

ఈ ఇంగ్లీషు మాట మన దగ్గరికి వచ్చి రెండు కాపురాలు పెట్టింది. జిమ్ములో దాని అర్థం కసరత్తు. జిమ్ము గడప దాటితే, బేరంలో గానీ పెళ్లి సంబంధంలో గానీ 'వర్కౌట్ కాదు' అంటే పొసగదు, వదిలేయ్ అని. దేవ్యా ఏనాడూ జిమ్ము గడప తొక్కలేదు. ఆయనకు తెలిసింది రెండోదే. దీప పొద్దున లేస్తే పలికేది మొదటిదే. కానీ ఆ రోజు ఆమె అడిగింది పెళ్లి గురించి. పెళ్లి గురించి అడిగినవాళ్లకు జవాబు కూడా పెళ్లి గురించే వినబడుతుంది.

సాయంత్రం కల్యాణ్ ఫోన్ చేస్తే ఆమె ఎత్తలేదు. వర్కౌట్ ఎగ్గొడుతున్నందుకు అలిగింది అనుకున్నాడు. 'సారీ దీపా, ఏమనుకోకు' అని మెసేజ్ పెట్టాడు. మంచి చేస్తున్నాననుకుని ఆ గోతిని ఇంకో మూరెడు తవ్వాడు. దేవ్యా కూడా ఏమీ అనలేదు. ఇష్టం లేనివాణ్ని కదిలిస్తే ఏం లాభం అని ఊరుకున్నాడు. మంచి పిల్లను కాదన్నాడని లోపల కోపం కూడా ఉంది.

ఆదివారం జనగామలో వాన. వేళ కాని వేళ వచ్చిన వాన. ప్రేమించుకునేవాళ్లకు వాన అంటే ఇష్టమట. వాళ్లెవరూ తడిసిన బస్తా మోసి ఉండరు. టార్పాలిన్ కింద నీళ్లు చొరబడి ఒక్కో బస్తా ఒక్కో శవంలా బరువెక్కింది. కల్యాణ్ తల తుడుచుకుంటూ, రేపు పొద్దున దీపకు ఈ మాట చెప్పి నవ్వించాలి అనుకున్నాడు.

పొద్దున దీప లేదు.

"ఊరికి పోయింది," అన్నాడు మహీధర్. "మళ్ల రాదట. ఏమైందో చెప్పలే. మీ వోళ్లే కద, నీకు తెల్వదా?"

ఫోన్ చేశాడు. మోగలేదు. బ్లాక్ చేసిందని ఫోన్ షాపువాడు తేల్చి చెప్పాడు.

కల్యాణ్‌కు అప్పుడు అంతా అర్థమైంది. అంటే, అంతా తప్పుగా అర్థమైంది. తండ్రితో చెప్పి ఉంటుంది. హమాలీ అనగానే ఆయన ఛీ కొట్టి ఉంటాడు. ఆమె కూడా ఆలోచించుకుని ఉంటుంది. భూపాలపల్లి ఎంత దూరమని, హనుమకొండలో బస్సు మారితే చాలు. కానీ పోలేదు. పోయి ఆ మాట ముఖాన వినడం కన్నా, పోకుండా ఊహించుకోవడమే నయమనుకున్నాడు. పేదవాడి పౌరుషం చాలావరకు ఇలాగే ఉంటుంది. తలుపు కొట్టకుండానే, తలుపు మూశారని వెనక్కి తిరుగుతుంది.

జిమ్ము మానేశాడు. బస్తా మళ్లీ కుడి భుజం మీదికి వచ్చింది.

*

వానాకాలం సగం గడిచింది. ఒక పొద్దున ఎరువుల బస్తా భుజానికి ఎత్తుకోబోయి కల్యాణ్ అలాగే ముందుకు కూలబడ్డాడు. మెడ నుంచి మోచేతి దాకా నిప్పు పాకింది. దేవ్యా పక్కకు లాక్కుపోయి గోడకు ఆనించి, భుజానికి జండూబామ్ రుద్దడం మొదలుపెట్టాడు.

"ఆ పిల్ల ఉంటే మంచిగ ఏలాడదీస్తుండె," అన్నాడు ఉండబట్టలేక. "చేతులార కాదనుకున్నవ్."

"నేను కాదనుకున్ననా? వాళ్ల బాపు వద్దన్నడు కాకా."

దేవ్యా చెయ్యి ఆగింది. "ఎవలన్నరు?"

"ఎవలనాలె? హమాలీకి ఎవలిస్తరు?"

"ఏ ముచ్చట చెప్తున్నవ్‌రా నువ్వు? బాపు ఒప్పుకున్నడు, ఆదివారం చూడనీకి వస్తున్నడని పిల్ల ఫోన్ చేసింది. నేను అడిగిన. నువ్వే కద బండి మీదికెళ్లి వర్కౌట్ కాదని ఒర్లినవ్!"

కల్యాణ్ గోడ వదిలి నిటారుగా కూర్చున్నాడు.

"కాకా, నువ్వేమని అడిగినవ్?"

"ఆదివారం సంగతేందని."

"బాపు వస్తున్నడని చెప్పినవా?"

దేవ్యా ఆలోచించాడు. తంబాకు ఉమ్మేశాడు. "గంత పొడుగు మాట పైకి చేరదనుకున్న."

"వర్కౌట్ అంటే కసరత్తు కాకా! జిమ్ముల చేసేది! ఆ ఆదివారం జనగామ పోతున్న, కసరత్తుకు రానన్న!"

"కసరత్తును కసరత్తు అనాలె గని!" అని అరిచాడు దేవ్యా. అంతలోనే గొంతు దిగిపోయింది. "అయ్యో... ఆ పిల్ల ఇన్న కాకా అన్నది. ఎట్లన్నదంటే, ఎవలో పోయినట్టు అన్నది."

*

భూపాలపల్లిలో దిగేసరికి ముసురు పట్టి ఉంది. బొగ్గు లారీల చక్రాలు రోడ్డు మీది నీళ్లను నల్లగా కలిపి పోతున్నాయి. మాన్‌సింగ్ ఇల్లు అడిగితే టీ కొట్టువాడు చూపించాడు. రెండు గదుల ఇల్లు. దేవ్యా వెనక నిలబడ్డాడు. కల్యాణ్ తలుపు కొట్టాడు.

తలుపు తీసింది దీపే. చిక్కిపోయింది. అతన్ని చూసిన కళ్లలో ఒక్క క్షణం ఏదో వెలిగి, వెంటనే ఆరిపోయింది.

"ఎందుకొచ్చినవ్?"

దారి పొడుగునా అనుకున్న మాటలన్నీ పోయి, నోట్లో మిగిలిన ఒక్క మాట బయటికొచ్చింది. "వర్కౌట్ గురించి చెప్పనీకి."

తలుపు ముఖం మీద పడింది.

"బిడ్డా!" దేవ్యా వానలోంచి అరిచాడు. యార్డులో అరిచినట్టే అరిచాడు, వీధి వీధంతా వినబడేలా. "తప్పు నాది! నువ్వు చెప్పింది నేను సగమే చెప్పిన! మీ బాపు వచ్చుడు వీనికి తెల్వనే తెల్వది! వీడు కసరత్తుకు రానన్నడు, లగ్గానికి కాదు!"

తలుపు కొంచెం తెరుచుకుంది.

"ఎక్సర్‌సైజా?" అంది దీప.

"ఊ."

"నువ్వు చెప్పింది ఎక్సర్‌సైజ్ గురించా?"

"ఆదివారమంటే మనకు గదే కదనే!"

దీప నవ్వింది. నవ్వుతూనే గడప మీద కూలబడింది. తర్వాత అది నవ్వు కాలేదు. కొంగుతో ముఖం కప్పుకుని చాలాసేపు అలాగే ఉంది. కల్యాణ్ చూరు కింద నీళ్లలో నిలబడ్డాడు.

"ఇన్ని నెలలు," అంది చివరికి. "ఒక్కసారి వచ్చి అడిగితే నీ భుజం అరుగుతుండెనా?"

"మీ బాపు వద్దన్నడనుకున్న."

"ఎవరు చెప్పిన్రు?"

"ఎవరూ చెప్పలే. హమాలీని ఎవరు చేసుకుంటరని... నేనే అనుకున్న."

"అంటే, నన్ను అడగకుండ నా జవాబు కూడ నువ్వే చెప్పుకున్నవ్."

కల్యాణ్ ముఖం మీది వాన నీళ్లు తుడుచుకున్నాడు.

"నేనూ గంతే," అంది దీప. "నా వంక చూసి చెప్పమని నేనూ అడగలే. మోకాలు పోయినదాన్ని, నీకు బరువైత అనుకున్న."

లోపల్నుంచి ఈల వేసినట్టు ఊపిరి లాగుతూ ఒక గొంతు పిలిచింది. "ఎవరే బిడ్డా?"

మాన్‌సింగ్ మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చున్నాడు. పడుకుంటే ఊపిరి అందదు. మంచి ఎముక ఉన్న మనిషి. ఎముక మాత్రమే మిగిలింది. కల్యాణ్‌ను కింది నుంచి పై దాకా చూశాడు.

"మీ మాట నాకు ఇనబడ్డది. ఊరందరికి ఇనబడ్డది." దేవ్యా వైపు చూశాడు. దేవ్యా తలుపు చాటుకు జరిగాడు. "ఆ ఆదివారం నేను మానుకోట వచ్చిన. బిడ్డకు చెప్పకుండ వచ్చిన. కాదన్నోడు ఎవడో, ముఖం చూసి కాదనమందామని వచ్చిన. యార్డు గేటుకు తాళం ఉండె. వానల పొద్దాక నిలబడ్డ."

దీప గిరుక్కున తిరిగింది. "బాపూ! నాకు చెప్పనే లేదు!"

"చెప్పి ఏం చేయాలె?" మాన్‌సింగ్ ఆగి ఊపిరి కూడదీసుకున్నాడు. "అప్పుడు నడిచిన. ఇప్పుడు సందు దాక పోలేను. పిలగా, ఇగో, నన్ను మంచిగ చూడు. బాయిల నాకన్న బలమైనోడు లేకుండె. మీద పడ్డ దిమ్మను ఒక్కన్నే ఎత్తి అవతల పారేసిన. గిప్పుడు చెంచ లేపాలంటే బిడ్డ రావాలె. దీని తల్లి నాకు చేసి చేసి పోయింది. ఇప్పుడు ఇది చేస్తున్నది. నేను పోయినంక, మళ్ల నీకు చెయ్యాలెనా? నీ నడుం ఎన్నేండ్లుంటది? చెప్పు."

ఇలాంటి చోట సినిమాలో అయితే కుర్రాడు గుండె మీద చెయ్యి వేసుకుని, మీ అమ్మాయిని రాణిలా చూసుకుంటాను అంటాడు. కల్యాణ్‌కు నొప్పి పెడుతున్న చెయ్యి గుండె దాకా లేవలేదు.

"నాకు తెల్వది బాపూ," అన్నాడు. "ఇప్పుడే చెయ్యి లేస్తలేదు. కాపాడుకోవాలెననే జిమ్ముకు పోయిన. మళ్ల పోత. ఉంటదని మాత్రం చెప్పలేను. అబద్ధం చెప్పి నీ బిడ్డను అడగలేను."

మాన్‌సింగ్ కళ్లు మూసుకున్నాడు. కల్యాణ్ తిరిగి పోవడానికి ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఆగు," అంది దీప. కల్యాణ్‌తో కాదు, తండ్రితో. "బాపూ, ఆయన నడుం గురించి ఆయన్ను అడిగినవ్. చేసేది నేను కద. నన్ను అడగవా?"

"అడుగుతున్న. చేస్తవా?"

"చేస్త." దిండు సర్దుతూ అంది. "ఊకె మాత్రం చెయ్య. పొద్దుగాల లేవంగనే మొదలువెట్టి పొద్దుగూకేదాక తిట్టుకుంట చేస్త."

"నిజమే పిలగా," అన్నాడు మాన్‌సింగ్ కళ్లు తెరవకుండానే. "బగ్గ తిడతది."

"ఎరుకే బాపూ. మొదటి రోజే తిట్టింది."

ముసలాయన గొంతులోంచి ఏదో చప్పుడు వచ్చింది. దగ్గు అనుకుని ఇద్దరూ చెరో పక్క నుంచి పట్టుకున్నారు. దగ్గు కాదు, నవ్వు. తర్వాత దగ్గే అయింది. వీపు నిమురుతుంటే చాలాసేపటికి నెమ్మదించింది. వదిలేయండి అన్నట్టు చెయ్యి ఊపాడు గానీ, కల్యాణ్ చెయ్యి మాత్రం వదల్లేదు. పట్టుకుని, కాయలు కాసిన ఆ అరచేతిని తన అరచేతితో ఒకసారి రాసి చూసుకున్నాడు.

తండాల్లో పిల్లను ఇస్తామన్న మాట ఖాయమైతే, ఆ ఇంట్లో అందరి నోట్లో ముందు పడేది బెల్లం ముక్క. అది నమిలాక ఇక మాట వెనక్కి పోదు.

"ఇంట్ల బెల్లం ఉన్నదా?" అని అడిగాడు మాన్‌సింగ్.

దీప వంటింటి గడప దగ్గర్నుంచి డబ్బా మూత తీసి చూసింది.

"ఉన్నది గని చీమలు పట్టినయ్ బాపూ."

"దులిపి తే."